పాత జిప్సీలో ఫోర్ వీల్ పట్టకపోతే: ఇంటి దగ్గర చేసుకోదగిన పరీక్షలు

మారుతి జిప్సీ 1985లో మార్కెట్లోకి వచ్చింది, 2019 నాటికి సాధారణ కొనుగోలుదారులకు దాని అమ్మకం నిలిచిపోయింది. అందువల్ల నేడు ఎవరి ఇంట ఉన్నా అది పాతబండే. బురదలో, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించే ఫోర్ వీల్ మీట వేసినా ముందు చక్రాలు తిరగనప్పుడు చాలామంది నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక ఆక్సిళ్ళకు శక్తిని పంపే గేర్ల పెట్టె) విప్పిస్తారు. అంత ఖర్చుకు పూనుకునే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఇంటి ముందే సాధ్యమవుతుంది.

బండిని సమతలంగా ఉన్న గట్టి నేల మీద నిలిపి, ఇంజను ఆపి, వెనుక చక్రాలకు రెండు వైపులా చెక్కదిమ్మలు గట్టిగా పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరడం ప్రాణాంతకం కాబట్టి ఆక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) కింద స్టాండు తప్పనిసరి. ఇప్పుడు మీట టూ వీల్‌లో ఉండగా ముందు చక్రం ఒకటే పైకి లేపి, చేతితో తిప్పే హబ్‌లున్న (ముందు చక్రాన్ని ఆక్సిల్‌తో కలిపే, విడదీసే మూతలున్న) బండి అయితే రెండు వైపుల హబ్‌లనూ లాక్‌లో పెట్టి, చక్రాన్ని తిప్పుతూ ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ఆక్సిల్‌కు వెళ్ళే గొట్టాన్ని) గమనించాలి. చక్రంతో పాటు షాఫ్ట్ తిరగకపోతే ఏదో ఒక వైపు హబ్ పట్టడం లేదని గానీ, లోపలి ఆక్సిల్ జాయింట్ విరిగిందని గానీ అర్థం. రెండో వైపు కూడా ఇలాగే చూడాలి, ఎందుకంటే ఒక్క హబ్ పట్టకపోయినా డిఫరెన్షియల్ (రెండు వైపులకూ శక్తిని పంచే గేర్లు) ఆ ఖాళీ వైపునే తిప్పుకుంటూ పోతుంది, మంచి హబ్ ఉన్న చక్రానికి ఏమీ అందదు. రెండు వైపులా షాఫ్ట్ తిరిగితే బండిని దించి, మీటను ఫోర్ వీల్‌కు మార్చి, పళ్ళు కూర్చునేలా అడుగు దూరం కదిపి, మళ్ళీ చెక్కలు పెట్టి అదే పరీక్ష చేయాలి. ఈసారి షాఫ్ట్ కొద్దిపాటి లూజు మేరకే కదిలి ఆగిపోవాలి. ఇంకా స్వేచ్ఛగా తిరుగుతుంటే అప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసును అనుమానించడం న్యాయం.

మీట ఫోర్ వీల్‌లో బిగుసుకుపోవడం మాత్రం చాలాసార్లు లోపమే కాదు. ఈ బండిలో ముందు, వెనుక ఆక్సిళ్ళ మధ్య డిఫరెన్షియల్ లేదు. పొడి తారురోడ్డు మీద మలుపు తిరిగితే రెండూ వేర్వేరు దూరాలు తిరగాల్సి రావడంతో షాఫ్ట్‌లలో బిగువు పేరుకుంటుంది. తిన్నగా కాస్త వెనక్కి నడిపితే మీట వదులవుతుంది.

వాగు దాటిన తరువాత నూనె చూడటం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. వేడెక్కిన ఆక్సిల్ చల్లనీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ (ఆక్సిల్ లోపలికి గాలి వచ్చిపోయే చిన్న దారి) మూసుకుపోయి ఉంటే అరిగిన సీళ్ళ గుండా నీరు లోపలికి లాక్కుంటుంది. నూనె మార్చేటప్పుడు ముందుగా పైనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూడాలి. అది తుప్పుతో మొరాయిస్తే, కింది ప్లగ్ తీసి నూనె వదిలేశాక మళ్ళీ పోసే దారి ఉండదు. ఫిల్లర్ రంధ్రంలో వేలు పెట్టినప్పుడు నూనె పాలు కలిసినట్టు తెల్లగా అంటితే నీరు చేరినట్టే, వెంటనే మార్చాలి. బ్రీదర్‌ను కూడా శుభ్రం చేయాలి.

గేరు మార్చిన ప్రతిసారీ కింద ఠంగుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లను (షాఫ్ట్ చివరి జాయింట్లలోని ప్లస్ ఆకారపు ముక్కలను) చూడాలి. క్రాస్ చివరి బేరింగు కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి కనబడితే లోపలి సూది బేరింగులు ఎండిపోయాయి, గ్రీజు కొట్టినా బాగుపడవు. షాఫ్ట్ విప్పే ముందు రెండు భాగాల మీద సుద్దతో గీత గీసి, తిరిగి అదే వరుసలో బిగించాలి.

స్టీరింగు వణుకుతుంటే లేపిన ముందు చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాలి. ఆట (లూజు) కనబడితే ఒకరిని బ్రేకు తొక్కమనాలి: ఆట ఆగితే చక్రం బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు) బేరింగు అరిగింది. కింగ్‌పిన్ బిగింపును కొలిచి షిమ్‌లతో (పలుచని రేకులతో) సరిచేయాలి కాబట్టి ఆ ఒక్క పని అనుభవమున్న మెకానిక్‌కు అప్పగించడమే మంచిది.