గోవా బైక్ ర్యాలీకి బయలుదేరే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

నవంబరులో గోవాలోని వాగటోర్‌లో జరిగే మోటోవర్స్‌కు (రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ నిర్వహించే బైకర్ల ఉత్సవం) హైదరాబాదు నుంచి బండి మీద వెళ్లేవారికి ఒకవైపే సుమారు 650 కిలోమీటర్ల ప్రయాణం కనుక, సర్వీసింగు ముందురోజు కాక పది రోజుల ముందే చేయించి, ఆ తరువాత కనీసం 100 కిలోమీటర్లు నడిపి చూసుకోవాలి. సరిగా బిగించని నట్టు ఏదైనా ఉంటే ఊరి దగ్గరే బయటపడడం మేలు.

స్పోకు చక్రాలున్న బళ్లకు చాలావరకు ట్యూబు టైర్లే ఉంటాయి. ట్యూబ్‌లెస్ టైర్లకు వాడే పంక్చర్ కిట్ వాటికి పనికిరాదు కాబట్టి, ముందు వెనుక చక్రాల కొలతలకు సరిపోయే ట్యూబులు, చక్రం విప్పే స్పానర్లు వెంట ఉంచుకోవాలి. క్లచ్ కేబుల్‌ను లివరు దగ్గర వంచి చూసినప్పుడు ఒక్క పోగు తెగి కనిపించినా కొత్తది వేయించి, మరొకటి అదనంగా పెట్టుకోవాలి.

లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం గడువులు ముందే సరిచూసుకోవాలి. డిజిలాకర్‌లో ఉన్నవీ చెల్లుతాయి.

బెళగావి మీదుగా వెళ్లేవారు చోర్లా ఘాట్‌ను పగటిపూటే దాటేలా ఒక రాత్రి మధ్యలో బస ఏర్పాటు చేసుకుని, ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల మీదే భారం వేయకుండా తక్కువ గేరులో నడపాలి. ఒక్కరోజులో చేరాలనే పట్టుదల దయచేసి వద్దు.