ఇంట్లోనే ఫిన్నిష్, 6వ పాఠం: ‘ఒంకొ’ను కాసేపు పక్కన పెట్టండి

ఈసారి ‘ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు’ నేర్పుదామని కూర్చున్నాను. మీరు రాసి పంపిన అభ్యాసాలు చదివాక ఆ ఆలోచన సగం మానుకున్నాను. పోయిన పాఠంలో పది వాక్యాలు ఇచ్చి ప్రశ్నలుగా మార్చమన్నాను కదా. మొదటి వాక్యం ‘నువ్వు ఫిన్నిష్ మాట్లాడతావు’. చాలామంది దాన్ని ఇలా మార్చారు:

‘ఒంకొ సిన్యా పుహుత్ సువొమెఅ?’

ఇది తప్పు. చిన్న తప్పూ కాదు. ‘ఒన్’ అంటే ఉంది, ‘ఒంకొ’ అంటే ఉందా. అంటే మీరు అడిగింది ‘ఉందా నువ్వు ఫిన్నిష్ మాట్లాడతావు?’ అని. సరైన ప్రశ్న ఇంత చిన్నది:

‘పుహుత్కొ సువొమెఅ?’

ఈ తప్పు ఎలా వచ్చిందో నాకు తెలుసు. 5వ పాఠంలో మొట్టమొదటి ఉదాహరణగా ‘ఒంకొ సినుల్ల ఐకా?’ (నీకు టైం ఉందా?) ఇచ్చాను. అక్కడ ‘ఒంకొ’ సరైనదే, ఎందుకంటే ఆ వాక్యంలో క్రియే ‘ఉంది’. ఫిన్నిష్‌లోనూ మనలాగే ‘నాకు కారు ఉంది’ అంటారు: ‘మినుల్ల ఒన్ ఔతొ’. కానీ మొదట చూసింది అదే కాబట్టి ‘ఒంకొ’ అంటే ప్రశ్న గుర్తు అని మీ మనసులో పడిపోయింది. దానికి తోడు హిందీలో వాక్యం ముందు ‘క్యా’ పెడతాం, ఇంగ్లీషులో ‘డూ యూ’ పెడతాం. ఫిన్నిష్‌కు దగ్గర చుట్టమైన ఎస్టోనియన్‌లో కూడా ముందు ‘కస్’ అనే మాట పెట్టి అడుగుతారు. ఫిన్నిష్‌లో మాత్రం ప్రశ్న అలా పుట్టదు. మాటకు తోక తగిలించాలి, తెలుగులోలాగే.

‘పుహుత్కొ’ను విడదీసి చూడండి. ‘పుహు’ మాట్లాడటం. ‘త్’ నువ్వు. ‘కొ’ ప్రశ్న. ఇప్పుడు ‘మాట్లాడతావా’ను విడదీయండి. ‘మాట్లాడతా’, ‘వు’, ‘ఆ’. మూడు ముక్కలూ అదే వరసలో ఉన్నాయి. ‘మాట్లాడతావా’లో ‘నువ్వు’ విడిగా చెప్పనక్కర్లేనట్టే, ‘పుహుత్కొ’ పక్కన ‘సిన్యా’ ఉన్నా లేకపోయినా ఒకటే. (ద్రావిడ భాషలకూ ఫిన్నిష్ కుటుంబానికీ చుట్టరికం ఉందని భాషావేత్త కాల్డ్‌వెల్ 1856లోనే వాదించారు. ఈనాటి భాషావేత్తలు దాన్ని ఒప్పుకోరు. చుట్టరికం లేకపోయినా ముక్కకు ముక్క అతికించే పద్ధతి రెండు చోట్లా ఉంది. మనకు కావలసింది అదే.)

అందుకే మళ్లీ మళ్లీ అడుగుతున్నాను: ప్రశ్నను ముందు తెలుగులో అనుకోండి. ఇంగ్లీషులో అనుకుని అక్కణ్ణించి మార్చకండి.

అయితే తెలుగు మిమ్మల్ని ఒక్కచోట తప్పుదారి పట్టిస్తుంది. కొంతమంది ‘సిన్యా సువొమెఅ పుహుత్కొ?’ అని రాశారు. తోక సరిగ్గానే ఉంది, చోటు తప్పింది. మనం ‘ఆ’ తగిలించిన మాటను వాక్యంలో ఎక్కడైనా ఉంచుతాం. ఫిన్నిష్‌లో తోక ఉన్న మాట మొదటికి రావాల్సిందే. ఇందులో మినహాయింపులు వెతక్కండి.

నేను ఈ సంగతి నేర్చుకున్నది హెల్సింకి పెద్ద స్టేషన్లో. ఎలియెల్ సారినెన్ గీసిన కట్టడం అది, 1919లో తెరిచారు. ప్లాట్‌ఫారం మీద రైలు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. తంపెరె ఊరికి వెళ్లేది అదో కాదో తెలియక, పెట్టె లాక్కుంటూ వస్తున్న ఒకావిణ్ణి అడిగాను: ‘ఒంకొ త్యామ్యా యున మెనే తంపెరేల్లె?’ ఆవిడ నడక ఆపకుండానే, ‘మెనే’ అంది. ఒకే ఒక్క మాట. వెళ్తుంది. ఎక్కి కూర్చున్నాక పసిల, తిక్కురిల స్టేషన్లు దాటేదాకా ఆ మాటే తలలో తిరిగింది. నేను ‘ఒంకొ’తో అడిగితే ఆవిడ ‘ఒన్’ అనలేదు, ‘మెనే’ అంది. అంటే నేను అడగాల్సింది ‘మెనేక్యొ త్యామ్యా యున తంపెరేల్లె?’ అన్నమాట.

అప్పటి నుంచి నా పద్ధతి ఇదే, మీకూ ఇదే ఇస్తున్నాను. జవాబు ఒక్క మాటలో ఏం వస్తుందో ముందు అనుకోండి. ఆ మాటకే తోక, ఆ మాటే మొదట. ఫిన్నిష్‌లో అవునుకు ‘క్యుల్ల్యా’, ‘యో’ ఉన్నాయి గానీ, మామూలుగా మనలాగే క్రియనే తిరిగి చెబుతారు. ‘తులెత్కొ?’ (వస్తావా?) అంటే ‘తులెన్’ (వస్తాను), లేదా ‘ఎన్ తులె’ (రాను).

క్రియ కాని మాటకు కూడా ఇదే పద్ధతి.

‘బుస్సిల్లకొ తులిత్?’ బస్సులోనా వచ్చావు? జవాబు: ‘బుస్సిల్ల.’ బస్సులోనే.
‘సిన్యాక్యొ సొయ్తిత్?’ ఫోన్ చేసింది నువ్వేనా? జవాబు: ‘మిన్యా.’ నేనే.
‘హువొమెన్నకొ సిన్యా తులెత్?’ నువ్వొచ్చేది రేపేనా? జవాబు: ‘హువొమెన్న.’ రేపే.

ఇంగ్లీషులో ఇలాంటి ప్రశ్నలకు వాక్యం మొత్తం తిప్పి కట్టాలి. మనకు తోక మార్చితే చాలు, వాళ్లకూ అంతే.

కొ ఎక్కడ, క్యొ ఎక్కడ అని చాలామంది అడిగారు. మొదటి పాఠంలో ఒక ఏర్పాటు చేసుకున్నాం: ఫిన్నిష్‌లో నోటి ముందు భాగంలో పలికే మూడు అచ్చులను య వత్తుతో రాస్తున్నాం (బ్యాంకులో ‘బ్యా’ పలికినట్టు, కానీ పొట్టిగా). కాబట్టి మాటలో య వత్తు ఉంటే తోకకూ య వత్తు: ‘తియెద్యాత్క్యొ?’ (నీకు తెలుసా?). అ, ఒ, ఉ ఉంటే ‘కొ’. ఉన్నవన్నీ ఎ, ఇ లే అయితే మళ్లీ ‘క్యొ’. అందుకే ‘మెనెత్క్యొ’ (వెళ్తావా) గానీ, ‘ఒ’ ఉంది కాబట్టి ‘ఒలెత్కొ’ (ఉన్నావా). మనం ‘ఇంటికి, పనికి’ అంటాం, ‘నాకు, మనకు’ అంటాం. ముందున్న అచ్చును బట్టి కి, కు మారుతున్నాయని ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు. ఇదీ అలాగే నాలుకకు అలవాటవుతుంది.

ఇంకొక్క మాట. వాక్యం చివర గొంతు పైకి ఎత్తకండి. ఫిన్నిష్‌లో ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే. ప్రశ్నలో కూడా గొంతు కిందికే దిగుతుంది. ప్రశ్న పనంతా తోకే చేస్తుంది.

ఇప్పుడు ‘వై’, ‘తై’. రెండూ ‘లేదా’ అనే అర్థమిచ్చే మాటలే. ఆ పది వాక్యాల్లో దీన్ని పూర్తిగా సరిగ్గా రాసినవాళ్లు చాలా తక్కువ. ఇది సరిగ్గా రావడం మనకు ఇంగ్లీషువాళ్ల కంటే ఎంతో తేలిక. అయినా మన భాషలో ఉన్న తేడాను మనమే పట్టించుకోవట్లేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇంగ్లీషులో ‘ఆర్’ ఒక్కటే. ఫిన్నిష్‌లో రెండు. తెలుగులో కూడా రెండు దారులున్నాయి.

‘కాఫీయా, టీయా?’ అంటే రెండిట్లో ఒకటి ఎంచుకో అని. ‘ఒతత్కొ కహ్వియ వై తేత్యా?’
‘కాఫీ గానీ టీ గానీ తీసుకుంటావా?’ అంటే ఏదైనా తాగుతావా, వద్దా అని. ‘ఒతత్కొ కహ్వియ తై తేత్యా?’

మొదటిదానికి జవాబు ‘కహ్వియ, కీతొస్’ (కాఫీ, థాంక్స్). రెండోదానికి ‘యో’ అన్నా సరే, ‘ఎయ్ కీతొస్’ (వద్దు, థాంక్స్) అన్నా సరే. ‘వై’ ప్రశ్నకు ‘యో’ అంటే అది జవాబే కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఒకాయన నన్ను ‘వై’తోనే అడిగారు. నేను ‘యో’ అన్నాను. ఒక చేతిలో కాఫీ పాత్ర, ఇంకో చేతిలో ఖాళీ కప్పు పట్టుకుని ఆయన నిలబడ్డారు. ఏమీ అనలేదు. మళ్లీ అడగలేదు కూడా, జవాబు కోసం చూస్తున్నారంతే. కాఫీ అని నేను వేలు చూపించాక పోశారు.

ఎప్పుడు ఏది పెట్టాలో తెలుసుకోవడానికి తెలుగే చాలు. తెలుగులో రెండు ‘ఆ’లు వస్తే ‘వై’. రెండు ‘గానీ’లు వస్తే ‘తై’. ‘ఇవాళా, రేపా?’ రెండు ‘ఆ’లు, కాబట్టి ‘వై’. ‘నువ్వా, నేనా?’ ‘వై’. ‘బస్సులోనా, రైల్లోనా?’ ‘వై’. ‘రేపు గానీ ఎల్లుండి గానీ వస్తావా?’ ‘తై’. ప్రశ్న కాని మామూలు వాక్యంలో ‘లేదా’ అనే అర్థానికి కూడా ‘తై’. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘తులెత్కొ వై ఎత్?’ వస్తావా, రావా? పిల్లల్ని గుమ్మంలో నిలబెట్టి మనం అడిగే ప్రశ్నే.

దీనికి పక్కనే ఇంకొకటి: ‘ఎన్ తియెద్యా, తులేకొ హ్యాన్’. అతను వస్తాడో రాడో నాకు తెలీదు. మన ‘ఓ’ చేసే పని కూడా అక్కడ ‘కొ’నే చేస్తుంది. ‘హ్యాన్’ అంటే అతనూ, ఆమే కూడా.

‘కాదు’తో అడిగే ప్రశ్న: ‘ఎత్క్యొ తులె?’ రావా? దీనికి ఉత్త ‘యో’ అనకండి. వచ్చేట్టయితే ‘తులెన్’, రాకపోతే ‘ఎన్ తులె’. క్రియ చెబితే గొడవ ఉండదు.

ఇక అసలు పాఠం. ప్రశ్న పదాలకు తోక అక్కర్లేదు, అవి ఉన్నచోట క్రియకూ తోక పెట్టకూడదు. ‘ఎక్కడ ఉంటావా?’ అని మనం అనం కదా. మనకు అన్నీ ఎ, ఏ లతో మొదలైనట్టు అక్కడ ఎక్కువగా ‘మి’తో మొదలవుతాయి: మిక్యా (ఏది, ఏమిటి), మిస్స్యా (ఎక్కడ), మిస్త్యా (ఎక్కణ్ణించి), మిహిన్ (ఎక్కడికి), మిల్లొయిన్ (ఎప్పుడు), మిక్సి (ఎందుకు), మితెన్ (ఎలా). ఎవరు మాత్రం ‘కుక’. ‘మొంతకొ’ (ఎన్ని), ‘పల్‌యొంకొ’ (ఎంత) తోకతోనే పుట్టాయి. ‘పల్‌యొన్’ అంటే చాలా, దానికి ‘కొ’ తగిలి ఎంత అయింది: ‘పల్‌యొంకొ త్యామ్యా మక్సా?’ ఇదెంత?

మీరు అన్నిటికంటే ఎక్కువగా వినబోయేది ‘మిస్త్యా సిన్యా ఒలెత్ కొతొయిసిన్?’ మీదే ఊరు? జవాబు: ‘ఇంతియస్త’. మిక్యాకూ, దాని మరో రూపమైన మిత్యాకూ తేడా వచ్చే పాఠంలో చెప్తాను. దానికి విభక్తులు కావాలి.

బయట వినే మాట కూడా తెలుసుకోండి. హెల్సింకిలో ‘ఒంకొ సినుల్ల ఐకా’ అన్నది ‘ఒంక్స్ సుల్ ఐకా’ అయిపోతుంది. కొ పోయి క్స్ వస్తుంది. టెన్షన్ పడకండి, అదే ప్రశ్న. మీరు మాత్రం ఇంకో నాలుగు పాఠాల దాకా పూర్తి రూపమే పలకండి.

అభ్యాసం. ఒక సాయంత్రం మీ ఇంట్లో ఎవరు ఏ ప్రశ్న అడిగినా తెలుగులో అడిగినది అడిగినట్టు రాసుకోండి. ఇరవై అయ్యేదాకా ఆపకండి. వాటిలో మీకు తెలిసిన క్రియలున్నవన్నీ ఫిన్నిష్‌లోకి మార్చండి. క్రియ ‘ఉంది’ అయితే తప్ప ‘ఒంకొ’ ఎక్కడా కనిపించకూడదు. ప్రతి ప్రశ్న కిందా రెండు జవాబులు రాయండి, ఒకటి ఔనని, ఒకటి కాదని, రెండూ క్రియతోనే. కనీసం ఐదింట్లో ‘వై’ ఉండాలి. కాగితం మీద చేత్తో రాసి, గొంతు దించి పైకి చదవండి. చివరగా ఈ మూడు, వీటికి మాత్రం జవాబులు అక్కర్లేదు:

ఈ రైలు హెల్సింకీకి వెళ్తుందా, తంపెరెకా?
నువ్వు రేపు వస్తావో రావో నాకు తెలీదు.
ఫోన్ చేసింది నువ్వా, ఆమా?