ఎనిమిది స్పీకర్లు, ఒకే ఫైలు: ఇన్‌స్టలేషన్‌కు ఆడియో సాఫ్ట్‌వేర్ ఎంచుకునే విధానం

ఒక గదిలో ఎనిమిది స్పీకర్లు అమర్చి, ఒక్కొక్క దాని నుంచి ఒక్కొక్క శబ్దం వినిపించే కళారూపం, అంటే సౌండ్ ఇన్‌స్టలేషన్, చేయాలనుకునే కళాకారులు మొదట అడిగే ప్రశ్న ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని. దానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఉదయం గ్యాలరీ తాళం తీసే మనిషి స్విచ్ వేయడం మినహా మరేమైనా చేయవలసి వస్తుందా? ప్రదర్శన నెల రోజులు నడుస్తుంది. కళాకారులు ప్రారంభోత్సవం నాడు ఉంటారు, మర్నాటి నుంచి ఉండరు. ఈలోగా కరెంటు పోతుంది, వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఎవరూ మౌస్ ముట్టుకోకుండానే మళ్లీ మొదలయ్యే సాఫ్ట్‌వేరే ఈ పనికి తగినది. తక్కిన సౌకర్యాలన్నీ దాని తరువాతే.

రెండవ నియమం, ఛానెళ్లన్నీ (ఒక్కొక్క స్పీకర్‌కు వెళ్లే ఒక్కొక్క శబ్దధార) ఒకే కంప్యూటర్ నుంచి, ఒకే ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ శబ్దాన్ని స్పీకర్లకు అందించే పెట్టె) ద్వారా బయటికి రావాలి. గుంట మగ్గం శబ్దంతో నాలుగు స్పీకర్ల ఇన్‌స్టలేషన్ ఒకటి చేసినప్పుడు, ఖర్చు కలిసివస్తుందని నేను రెండు చిన్న స్టీరియో ప్లేయర్లు వాడాను. ఎడమ గోడ దగ్గర నాడె (మగ్గంలో దారంతో అటూ ఇటూ పరుగెత్తే కొయ్య) బయలుదేరిన చప్పుడు, వెంటనే కుడి గోడ దగ్గర అది తగిలిన చప్పుడు వినిపించాలి. ఉదయం అలాగే వినిపించింది. సాయంత్రానికి నాడె బయలుదేరకముందే అవతలి గోడకు తగులుతోంది. ప్రతి ప్లేయర్‌లోనూ కాలాన్ని కొలిచే స్ఫటికం ఒకటి ఉంటుంది, ఏ రెండు స్ఫటికాలూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 50 పాళ్ల తేడా ఉన్నా గంట గడిచేసరికి అది 180 మిల్లీసెకన్లవుతుంది. ఈ లోపాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా దాచలేదు.

ఫైలు విషయానికి వస్తే, ఎనిమిది ఛానెళ్లనూ కలిపి ఒకే వేవ్ ఫైలుగా తయారు చేసుకోవడం మేలు. ఎంపీ3 రెండు ఛానెళ్లకే పరిమితం, పైగా దాని మొదట్లోనూ చివర్లోనూ కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది కనుక లూపు (ఫైలు ముగిసి మళ్లీ మొదలవడం) తిరిగినప్పుడల్లా శబ్దం ఒక్క క్షణం తెగినట్లవుతుంది. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటకూడదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌ల నాణ్యతలో ఎనిమిది ఛానెళ్లయితే దాదాపు 62 నిమిషాలకు ఆ హద్దు వస్తుంది. ఇన్‌స్టలేషన్‌కు అది చాలినంత నిడివే.

ఇక సాఫ్ట్‌వేర్. అందరి దగ్గరా ఉండే వీఎల్‌సీతో మొదలుపెట్టాలనిపించడం సహజమే గానీ, అది ఛానెళ్లను సినిమా హాలు లెక్కలో అర్థం చేసుకుంటుంది. 5.1 అనే సినిమా స్పీకర్ల వరుసలో నాలుగవ ఛానెల్ సబ్‌వూఫర్‌ది (లోతైన శబ్దాలకే వాడే స్పీకర్) కాబట్టి, మీరు నాలుగవ స్పీకర్‌కు ఉద్దేశించిన పక్షి కూత ఎటు పోతుందో చెప్పలేము. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ బహుళ ఛానెళ్ల ఫైలును చక్కగా తయారు చేసి పెడుతుంది, వినిపించేటప్పుడు మాత్రం అన్నిటినీ రెండు ఛానెళ్లలోకి కుదించేస్తుంది. దానిని వంటకు వాడుకోవాలి, వడ్డనకు కాదు.

ఎక్కువమందికి నేను సూచించేది రీపర్. అరవై రోజులు ఉచితంగా, ఏ కోతా లేకుండా వాడి చూడవచ్చు. వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. ఒక్కొక్క ట్రాకును ఒక్కొక్క హార్డ్‌వేర్ అవుట్‌పుట్‌కు కలిపి, రిపీట్ నొక్కితే ప్రధానమైన పని ముగిసినట్లే. తెరిచిన వెంటనే పాట మొదలవ్వాలంటే ఎస్‌డబ్ల్యుఎస్ అనే ఉచిత అనుబంధాన్ని చేర్చి, ప్రాజెక్టు తెరుచుకోగానే ప్లే జరిగేలా స్టార్టప్ యాక్షన్ పెట్టుకోవాలి. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చే ఆసియో డ్రైవరునే (ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాము) ఎంచుకోవడం మరువరాదు. మామూలు విండోస్ డ్రైవరులో చాలా ఇంటర్‌ఫేసులు 1-2, 3-4 అంటూ జంటజంటలుగా విడిపోయి కనబడతాయి, అప్పుడు ఎనిమిది అవుట్‌పుట్‌లు ఉండి కూడా రెండే పలుకుతాయి. సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకునే సందర్భాలలో చాలా వాటికి మూలం ఈ డ్రైవరే.

మ్యాక్ ఉన్నవారికి, అందులోనూ శబ్దంతో పాటు వెలుగునో వీడియోనో నడపవలసినవారికి, క్యూల్యాబ్ అనువైనది. దాని ఉచిత రూపంలో రెండు ఆడియో అవుట్‌పుట్‌లే వస్తాయి కాబట్టి లైసెన్సు ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

డబ్బు పెట్టలేని, కొంత ఓపిక ఉన్న వారికి మిల్లర్ పకెట్ రూపొందించిన ప్యూర్ డేటా ఉంది. ఇది పూర్తిగా ఉచితం, పాత లినక్స్ ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఇందులో తెర మీద డబ్బాలను గీతలతో కలిపి తయారు చేసే ప్రోగ్రామును ప్యాచ్ అంటారు. ప్యాచ్‌లో కావలసినవి ప్రధానంగా మూడు డబ్బాలు: తెరవగానే సంకేతం పంపే లోడ్‌బ్యాంగ్, ఫైలు చదివే రీడ్‌ఎస్‌ఎఫ్ 8, శబ్దాన్ని బయటికి పంపే, ఒకటి నుంచి ఎనిమిది వరకు అవుట్‌పుట్‌లు రాసిన డ్యాక్. ఫైలు పూర్తికాగానే రీడ్‌ఎస్‌ఎఫ్ కుడివైపు చివరి రంధ్రం నుంచి ఒక సంకేతం వస్తుంది. దానిని మళ్లీ మొదటికి కలిపితే లూపు సిద్ధం. మొదటికి తిరిగే చోట కొద్దిపాటి ఖాళీ రావచ్చు కనుక, రచనను నిశ్శబ్దంతో ముగించి నిశ్శబ్దంతో మొదలుపెడితే ఆ అతుకు ఎవరికీ తెలియదు. ఇలాంటి అతుకులను సాంకేతికంగా సరిచేయడం కన్నా కూర్పులో కలిపేసుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

ఏది ఎంచుకున్నా, కంప్యూటర్‌ను దానికి తగ్గట్టు సిద్ధం చేయాలి. బయోస్‌లో (కంప్యూటర్ మూల అమరికలు ఉండే చోటు) కరెంటు రాగానే యంత్రం తనంతట తాను లేచేలా అమర్చి, పాస్‌వర్డు అడగకుండా చేసి, స్లీప్, ఆటోమేటిక్ అప్‌డేట్లు, నోటిఫికేషన్ శబ్దాలు ఆపివేసి, వైఫై తీసివేయాలి. నిశ్శబ్దమైన గదిలో ఎనిమిది స్పీకర్ల మధ్య నిలబడిన సందర్శకునికి ఎక్కడి నుంచో సందేశం వచ్చిన గంట వినిపిస్తే అంతసేపటి శ్రమ గాలికి పోతుంది.

స్పీకర్ల వరుసను సరిచూడడానికి టెస్ట్ టోన్ కన్నా మాట మేలు. మీ గొంతుతోనే మొదటి ఛానెల్‌లో “ఒకటి”, రెండవదానిలో “రెండు” అని ఎనిమిది వరకు రికార్డు చేసి, నేల మీద అంటించిన అంకెల వెంట నడుస్తూ వినండి. తీగలు తారుమారైన చోటు వెంటనే దొరికిపోతుంది. చివరగా, ప్రారంభానికి ముందురోజు రాత్రి అంతా నడుస్తుండగా గోడ దగ్గరి మెయిన్ స్విచ్ ఆపి, నిమిషం ఆగి, మళ్లీ వేసి, చేతులు కట్టుకుని కూర్చోండి. శబ్దం దానంతట అదే తిరిగి మొదలయ్యే వరకు, వరుసగా మూడుసార్లు మొదలయ్యే వరకు, ఇంటికి వెళ్లవద్దు.