ఉద్యోగం మానకుండా బైబిల్ కాలేజీ: పార్ట్‌టైమ్‌లో వేదాంతం చదవడం ఎలా

వాక్యం లోతుగా నేర్చుకోవాలని ఉంది, పరిచర్యలోకి రావాలని ఉంది, కానీ ఉన్న ఉద్యోగం వదిలేసి మూడు నాలుగేళ్లు సెమినరీ హాస్టల్లో ఉండే వీలు లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి "దేవుడు దారి తెరిస్తే చూద్దాం" అంటూ ఏళ్ల తరబడి వాయిదా వేస్తుంటారు. దారి ఎప్పుడో తెరిచే ఉందండీ. సాయంత్రం క్లాసులు, శనివారం క్లాసులు, ఏడాదికి రెండు మూడుసార్లు వారం రోజులపాటు నడిచే ఇంటెన్సివ్‌లు, ఆన్‌లైన్, ఇంటి దగ్గర చదువుకుని వారానికోసారి టీచర్‌ని కలిసే ఎక్స్‌టెన్షన్ కోర్సులు, ఇన్ని రకాలున్నాయి.

ఇదేదో రెగ్యులర్‌గా చదవలేనివాళ్లకు పెట్టిన రెండోరకం చదువు అనుకోకండి. 1963లో గ్వాటెమాలాలోని ప్రెస్బిటేరియన్ సెమినరీవాళ్లు ఒక సంగతి గమనించారు: చదివి బయటికెళ్లినవాళ్లలో చాలామంది పల్లె సంఘాలకు తిరిగి వెళ్లడం లేదు, ఆ సంఘాలను నిజంగా నడిపిస్తున్నదేమో పొలమూ పిల్లలూ ఉండి కదలలేని పెద్దలు. దాంతో సెమినరీయే వాళ్ల దగ్గరికి వెళ్లింది. సొంతంగా చదువుకునేలా పుస్తకాలు రాసి ఇచ్చారు, వారానికోసారి టీచర్ వెళ్లి కూర్చునేవారు, నేర్చుకున్నది అక్కడే సంఘంలో వాడేవారు. తర్వాత టీఈఈ (థియలాజికల్ ఎడ్యుకేషన్ బై ఎక్స్‌టెన్షన్) అనే పేరుతో చాలా దేశాలకు పాకింది ఇదే. ఇంకా వెనక్కి బైబిల్ కాలానికి వెళ్తే, అపొల్లో అంతటి వక్తను పక్కకు పిలిచి మార్గాన్ని ఇంకా వివరంగా చెప్పిన అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టుకుని బతికినవాళ్లే కదా.

ఏ కోర్సు, ఎవరి దగ్గర

కాలేజీ బ్రోషర్లు తిరగేసే ముందు, చదివిన తర్వాత మీరు ఏం చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి. సండే స్కూల్ చెప్పడానికో, గృహ కూడికలో వాక్యం చెప్పడానికో అయితే ఏడాది సర్టిఫికెట్ చాలు, అంతకంటే పెద్దది తీసుకుని సగంలో వదిలేయడం వృథా. ఇప్పటికే సంఘాన్ని నడిపిస్తూ పద్ధతిగా చదువుకోనివాళ్లకు డిప్లొమా గానీ బి.టిహెచ్ (బ్యాచిలర్ ఆఫ్ థియాలజీ) గానీ సరిపోతుంది. ఎం.డివ్ (మాస్టర్ ఆఫ్ డివినిటీ), బి.డి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) లాంటివి పూర్తికాలం పాస్టర్ కావాలనుకునేవాళ్లకు, తర్వాత ఎప్పుడైనా కాలేజీలో పాఠాలు చెప్పాలనుకునేవాళ్లకు.

అభిషేకం సంగతి మాత్రం వేరు. డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన పాస్టర్‌గా నియమించరు. ఒక్కో సంఘశాఖకు ఒక్కో నియమం ఉంటుంది, కొన్ని తమ కాలేజీల్లో చదివితేనే ఒప్పుకుంటాయి, కొన్ని పార్ట్‌టైమ్ కాలాన్ని లెక్కలోకి తీసుకోవు. అందుకే ఫీజు కట్టకముందే మీ సంఘ పెద్దలనో, పై ఆఫీసునో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట నమ్ముకుని ఐదేళ్లు చదివాక కమిటీ మారిపోయి "అలా ఎవరు చెప్పారు?" అంటే చేసేదేమీ ఉండదు.

గుర్తింపు గురించి "మాది అంతర్జాతీయ గుర్తింపు ఉన్న కాలేజీ" అంటే దానికి అర్థం ఏమీ లేదు. ఎవరిచ్చారు అని అడగాలి. అమెరికా, కెనడాల్లో అసోసియేషన్ ఆఫ్ థియలాజికల్ స్కూల్స్, ఆసియాలో ఆసియా థియలాజికల్ అసోసియేషన్, భారతదేశంలో సెనేట్ ఆఫ్ సెరాంపూర్ కాలేజ్ (దీని డిగ్రీల అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్ నుంచి వచ్చింది) లాంటివి ఉన్నాయి. కాలేజీవాళ్లు పేరు చెప్పాక ఆ సంస్థ సొంత జాబితాలో కాలేజీ పేరు ఉందో లేదో మీరే చూసుకోండి. పేరుంటే సరిపోదు, గుర్తింపు క్యాంపస్‌లో నడిచే కోర్సుకేనా, సాయంత్రం బ్యాచ్‌కీ ఆన్‌లైన్‌కీ కూడా ఉందా అన్నది విడిగా అడగాలి. ఇక నాలుగు నెలల్లో పేరుకు ముందు "డాక్టర్" తగిలిస్తామనే సంస్థల గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది. డబ్బు కట్టి తెచ్చుకున్న గౌరవ డాక్టరేట్ బ్యానర్ మీద బాగానే ఉంటుంది, మరణపడక మీద ఉన్న మనిషి పక్కన కూర్చున్నప్పుడు దేనికీ పనికిరాదు.

వారానికి ఎన్ని గంటలు

ఉత్సాహం మీద మూడు సబ్జెక్టులకు పేరిచ్చి రెండో నెలకల్లా కనిపించకుండా పోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. లెక్క ముందే వేసుకోండి. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాలపాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు రెండు గంటల సొంత చదువు. అంటే 3 క్రెడిట్ల సబ్జెక్టు ఒక్కటి తీసుకుంటే వారానికి 9 గంటలు, రెండు తీసుకుంటే 18. అక్కడి ఎం.డివ్‌కి కనీసం 72 క్రెడిట్లు కావాలి కాబట్టి సెమిస్టర్‌కి రెండు సబ్జెక్టుల చొప్పున ఏడాదికి 12 క్రెడిట్లు చేసినా ఆరేళ్లు పడుతుంది. వేరే దేశాల్లో లెక్క వేరుగా ఉండొచ్చు గానీ, ఉద్యోగంతోపాటు చదివితే కాలం రెట్టింపు అవుతుందనే అంచనాతో దిగడం మేలు. కోర్సు పూర్తి చేయడానికి గరిష్ఠ గడువు ఎంతో కూడా అడగండి.

మొదటి సెమిస్టర్ ఒక్క సబ్జెక్టే. ఎంత తెలివైనవాళ్లైనా సరే.

ఆ 9 గంటలు ఎక్కడి నుంచో ఊడిపడవు. సాధారణంగా ఇలాంటి చదువుకు వచ్చేవాళ్లు సంఘంలో అప్పటికే అన్నీ మోస్తుంటారు, క్వయర్ వాళ్లే, యూత్ మీటింగ్ వాళ్లే, లెక్కలు చూసేదీ వాళ్లే. అందులో ఒక బాధ్యత దింపుకోవాలి, ఆ మాట పాస్టర్‌గారికి ముందే చెప్పాలి. కొందరు పాస్టర్లకు తమ సంఘంలో ఒకరు కాలేజీకి వెళ్తున్నారంటే లోలోపల కాస్త ఇబ్బందిగా ఉంటుంది, బయటికి అనరు. వాళ్లకు ఎవరి ద్వారానో తెలియకూడదు, మీరే వెళ్లి చెప్పి, మీ ఫీల్డ్ వర్క్ వాళ్ల పర్యవేక్షణలో పెట్టమని అడిగితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. ఇంట్లో కూడా ఏ రెండు సాయంత్రాలు మీరు దొరకరో స్పష్టంగా చెప్పేయండి.

ఆన్‌లైన్ అయితే రికార్డు చేసిన వీడియోలు మాత్రమే ఉండే కోర్సు కంటే, ఫలానా రోజు ఫలానా గంటకు లైవ్‌గా కూర్చోవలసిన కోర్సు తీసుకోండి. ఎప్పుడైనా చూడొచ్చు అన్నది ఎప్పుడూ చూడరు.

ముందు ఏం చదవాలి

అందరి కన్నూ ప్రకటన గ్రంథం మీదే ఉంటుంది. దాన్ని చివరికి ఉంచండి. మొదట తీసుకోవలసింది హెర్మెన్యూటిక్స్, అంటే వాక్యాన్ని ఎలా చదివి అర్థం చేసుకోవాలో నేర్పే సబ్జెక్టు. మిగతావన్నీ దాని మీద ఆధారపడతాయి.

ఉదాహరణకు యిర్మీయా 29:11 తీసుకోండి. మీ విషయంలో నా ఉద్దేశాలు మేలుకే గానీ కీడుకు కాదు అని దేవుడు చెప్పే వచనం, పెళ్లి కార్డుల నుంచి క్యాలెండర్ల దాకా ఎక్కడైనా కనిపిస్తుంది. క్లాసులో టీచర్ మొదట అడిగేది "ఇది ఎవరికి రాశారు?" అని. బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవాళ్లకు యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం ఇది. కొంచెం పైకి వెళ్తే 5, 6 వచనాల్లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి అని ఉంటుంది. 10వ వచనంలో 70 ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రారు. ఇంకో పేజీ వెనక్కి తిప్పితే 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని జనానికి ఆశ పెట్టాడు, అదే ఏడాది ఏడో నెలలో చనిపోయాడు. ఇప్పుడు 11వ వచనం మళ్లీ చదవండి. ఓదార్పు ఎక్కడికీ పోలేదు, కానీ అది వచ్చే నెల ప్రమోషన్ గురించి చెప్పిన మాట కాదు, త్వరగా అయిపోతుందన్న తియ్యటి మాటకు ఎదురు నిలిచిన మాట. ఇలా చదవడం అలవాటయ్యాక మీ ప్రసంగం ఎలా మారుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత పాత నిబంధన పరిచయం, కొత్త నిబంధన పరిచయం, ఆ తర్వాతే సిద్ధాంతాలు. సంఘ చరిత్రకు గోడ మీద ఒక గీత గీసుకుని 325 నైసియా సభ, 451 కల్సెడాన్ సభ, 1517 లూథర్ సంస్కరణ అని గుర్తులు పెట్టుకుంటే మిగతావి వాటి మధ్య అవే సర్దుకుంటాయి.

గ్రీకు అంటే అందరికీ టెన్షన్. నిజానికి కొత్త నిబంధనలో తరచుగా వచ్చే 300 పైచిలుకు పదాలు వస్తే అందులోని మొత్తం పదాల్లో దాదాపు 80 శాతం గుర్తుపట్టవచ్చు. రోజుకు ఐదారు పదాలు ఫోన్‌లో ఫ్లాష్‌కార్డులుగా పెట్టుకుని ప్రయాణంలో తిప్పండి, శనివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఇరవై నిమిషాలు బాగా పనిచేస్తుంది. డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని చిన్నప్పుడు బట్టీ కొట్టినవాళ్లం మనం, గ్రీకు విభక్తులు మనల్ని ఏం చేస్తాయి! కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్‌వాళ్లు తయారుచేసిన స్టెప్ బైబిల్ అనే ఉచిత సైట్‌లో ఏ పదం మీద నొక్కినా మూలభాషలో ఏముందో కనిపిస్తుంది. గ్రీకు క్లాసు తీసుకోకపోయినా అది వాడండి, కానీ ఒక్క పదానికున్న ఐదు అర్థాలనూ ఒకే వచనంలోకి కుక్కే అలవాటు మాత్రం చేసుకోకండి.

పేపర్లు రాయడం

మనలో చాలామందికి రాయడం రాదు, ప్రసంగించడం వచ్చు. మొదటి అసైన్‌మెంట్‌లో మూడో పేరాకల్లా "కాబట్టి ప్రియ సహోదరీ సహోదరులారా" అనే గొంతు దూరిపోతుంది. పేపర్‌లో మీరు ఒప్పుకోని అభిప్రాయాన్ని కూడా, దాన్ని నమ్మేవాళ్లు చదివి "అవును, మేం చెప్పేది ఇదే" అనేంత నిజాయితీగా ముందు చెప్పాలి. ఆ తర్వాతే మీ విమర్శ. ఎక్కడి నుంచి తీసుకున్నారో ఫుట్‌నోట్‌లో చెప్పాలి. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన పుస్తకాల పేర్లు ఉన్నవో లేనివో చూసుకోకుండా పెట్టకండి, లేని పుస్తకాన్ని పేజీ నంబరుతో సహా చెప్పేస్తుంది అది.

చదివే పేజీల విషయానికొస్తే, పని నుంచి అలసిపోయి వచ్చి 40 పేజీలు మొదటి నుంచి చివరిదాకా చదవలేరు. ముందు పీఠిక, చివరి పేజీ, మధ్యలో ఉపశీర్షికలు చూసి, రచయిత ఏం వాదిస్తున్నాడో రెండు లైన్లలో రాసుకుని, అప్పుడు అవసరమైన చోట ఆగి చదవండి.

నమ్మకం కదిలినప్పుడు

ఇది ఎవరూ ముందు చెప్పరు. మార్కు 16:9 నుంచి 20 వరకు ఉన్న భాగం సీనాయి, వాటికన్ అనే పేర్లతో పిలిచే 4వ శతాబ్దపు చేతిరాత ప్రతుల్లో లేదని క్లాసులో విన్న రాత్రి కొందరికి నిద్ర పట్టదు. ఇది మీ ఒక్కరికే జరిగేది కాదు, అది కొత్తగా కనిపెట్టిందీ కాదు, చాలా బైబిళ్లలో ఆ చోట చిన్న గమనిక ఉంటుంది, మనం ఎప్పుడూ చూడం అంతే. ఆ ప్రశ్నను మోసుకుని టీచర్ దగ్గరికి వెళ్లండి, తోటి విద్యార్థులతో వాదించండి. కానీ మంగళవారం విన్నదాన్ని ఆదివారం పుల్పిట్ ఎక్కి సంఘం మీద పడేయకండి. మీకు అర్థం కావడానికి ఒక సెమిస్టర్ పట్టినదాన్ని వాళ్లకు పది నిమిషాల్లో చెప్పి ఇంటికి పంపడం న్యాయం కాదు.

పరిచర్య శిక్షణ

పార్ట్‌టైమ్ విద్యార్థికి ఇక్కడ రెగ్యులర్ విద్యార్థి కంటే లాభం ఎక్కువ, ఎందుకంటే సంఘం చేతిలోనే ఉంది. ఆసుపత్రిలో రోగుల మధ్య జరిగే పాస్టోరల్ శిక్షణ, సీపీఈ అంటారు, దొరికితే వదలకండి. ఒక యూనిట్‌కి 400 గంటలు పడుతుంది, చాలాచోట్ల నెలల మీద సాగదీసి పార్ట్‌టైమ్‌గా చేయనిస్తారు. అందులో "వెర్బాటిమ్" అని ఒకటి రాయిస్తారు, రోగితో జరిగిన సంభాషణ గుర్తున్నంతవరకు మాటకు మాట. రోగి "ఇక ప్రార్థన చేసి లాభం లేదండీ" అన్నాడు, విద్యార్థి వెంటనే "అలా అనకూడదు, విశ్వాసం ఉంచండి" అన్నాడు అనుకుందాం. గ్రూపులో ఆ కాగితం చదివాక అడిగే ప్రశ్న ఒకటే: ఆ జవాబు ఆయన కోసం చెప్పారా, మీకు ఇబ్బందిగా ఉండి చెప్పారా? ఏ పుస్తకమూ ఈ పని చేయలేదు. సీపీఈ అందుబాటులో లేకపోతే, మీరు చేసిన పరామర్శల్లో నెలకు ఒకదాన్ని ఇలాగే రాసి (పేర్లు, గుర్తులు తీసేసి) అనుభవమున్న ఒక పాస్టర్‌గారికి చూపించండి.

మధ్యలో ఆపాల్సి వస్తే

పిల్లలు పుడతారు, బదిలీలు అవుతాయి, ఇంట్లో ఎవరికో బాగుండదు. అప్పుడు మాయమైపోకండి. కాలేజీకి రాసి అధికారికంగా సెలవు తీసుకుంటే సీటు, క్రెడిట్లు నిలబడే అవకాశం ఉంటుంది, చెప్పకుండా మానేస్తే ఫెయిల్ అని పడొచ్చు. పూర్తయిన ప్రతి సబ్జెక్టుకూ మార్కుల పత్రంతోపాటు సిలబస్ కూడా స్కాన్ చేసి పెట్టుకోండి, రేపు వేరే కాలేజీకి మారితే వాళ్లు ముందు అడిగేది ఆ సిలబస్‌నే.