ఆటోమేటిక్ గేర్‌బాక్స్, 4వ పాఠం: మరమ్మతుతో సరిపెట్టాలా, మొత్తం విప్పి కట్టాలా?

మూడో పాఠంలో ఆయిల్ మార్చమన్నాను. మార్చాక బండి ముందుకన్నా అధ్వానంగా నడుస్తోందని, పొద్దున్నే డి లో వేస్తే రెండు మూడు సెకన్లకు గానీ కదలడం లేదని, మలుపు తిరిగేటప్పుడు ఇంజన్ ఊరికే అరుస్తోందని ప్రశ్నలు వచ్చాయి. కొందరైతే ఓవర్‌హాల్‌కు, అంటే మొత్తం విప్పి కట్టించడానికి, బేరం కూడా మొదలుపెట్టారు. దయచేసి ఆగండి. ఇవన్నీ ఆయిల్ తక్కువైనప్పుడు కనిపించే లక్షణాలే. ఆయిల్ తగ్గితే పంపు దానితో పాటు గాలినీ పీలుస్తుంది, ఒత్తిడి నిలవదు, క్లచ్‌లు ఆలస్యంగా పట్టుకుంటాయి. ఆయిల్ మట్టాన్ని నిర్ణయించే ఓవర్‌ఫ్లో గొట్టం గురించి పోయినసారి ఒక్క వాక్యంతో దాటేశాను. అది చాలలేదు. నిర్ణయం సంగతికి వెళ్లేముందు దాన్ని సరిచేసుకుందాం, ఎందుకంటే ఆయిల్ మట్టం తప్పుగా ఉన్న గేర్‌బాక్స్ మీద ఏ పరీక్ష చేసినా ఫలితం తప్పే.

మన నమూనా మారలేదు: పాత వెంటో, రాపిడ్ 1.6 పెట్రోల్ బళ్లలో వచ్చిన ఐసిన్ ఆరు గేర్ల 09జి. అమెరికాలో పాత జెట్టా నడిపే మనవాళ్ల బళ్లలోనూ చాలావాటికి ఇదే ఉంటుంది. ఏడు గేర్ల డీఎస్‌జీకి (రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్) ఈ పాఠం వర్తించదు, అది వేరే జాతి.

ఈ గేర్‌బాక్స్‌కు కొలపుల్ల లేదు. కింద పాన్‌కు (ఆయిల్ నిలిచే పళ్లెం) ఉన్న బోల్టు విప్పగానే కొద్దిగా ఆయిల్ కారి ఆగిపోతుంది. అంతటితో ఖాళీ అయిందనుకోకండి. ఆ రంధ్రం లోపల నిటారుగా ఒక గొట్టం ఉంది. దాన్ని ఆలెన్ కీతో విప్పితేనే అసలు ఆయిల్ దిగుతుంది, సుమారు 3 లీటర్లు. మొత్తం పట్టేది 7 లీటర్లు, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లోపలి దారుల్లోనూ ఉండిపోతుంది. ఇక్కడ పొరపాట్లు మూడు రకాలుగా జరిగాయి. గొట్టం విప్పకుండానే కొత్తగా 3 లీటర్లు పోసినవాళ్లకు ఆయిల్ ఎక్కువై నురగ కట్టింది. గొట్టం విప్పి, తిరిగి బిగించకుండా మట్టం చూసినవాళ్లకు పోసినదంతా కిందికి దిగిపోయింది. ఇంజన్ ఆపి మట్టం చూసినవాళ్లు మూడో రకం. ఇంజన్ ఆగి ఉంటే పాన్‌లో మట్టం పైకి ఉంటుంది కాబట్టి గొట్టం అంచు దాటి చుక్కలు కారతాయి, నిండిందనిపిస్తుంది. స్టార్ట్ చేసిన మరుక్షణం పంపు ఆయిల్‌ను పైకి లాగేసుకుంటుంది, పాన్‌లో లోటు పడుతుంది.

సరైన పద్ధతి ఇది. గొట్టం బిగించి, 3 లీటర్లు పోసి, ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ మీద కాలు ఉంచి పి, ఆర్, ఎన్, డి ఒక్కోదానిలో కొన్ని సెకన్లు ఆగండి. పి లోకి తెచ్చి స్కానర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత చూడండి. 35 నుంచి 45 డిగ్రీల మధ్య, ఇంజన్ నడుస్తుండగానే, బోల్టు విప్పండి. చుక్కలు చుక్కలుగా కారితే సరిపోయినట్టు. ధారగా కారితే చుక్కలకు వచ్చేదాకా వదలండి. ఏమీ కారకపోతే ఇంకా పోయాలి. కొత్త వాషర్ వేసి 27 న్యూటన్ మీటర్లకు బిగించండి. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిల్ 45 దాటేస్తుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ ఎక్కువగా కారిపోతుంది, చల్లారాక తక్కువ పడుతుంది. తెల్లవారుజామున చేయండి.

మట్టం సరిచేసి, 100 కిలోమీటర్లు నడిపి, అప్పటికీ లక్షణాలు ఉంటేనే ముందుకు చదవండి. జాక్, స్టాండ్ల జాగ్రత్తలు మళ్లీ చెప్పను. డి లో వేయగానే దభీమని కొడితే ముందు ఇంజన్, గేర్‌బాక్స్ మౌంట్లు చూడాలని రెండో పాఠంలోనే చెప్పాను.

టాకోమీటర్ సాక్ష్యం చెల్లదు

"ఆర్‌పీఎం పెరుగుతోంది, స్పీడు పెరగడం లేదు, క్లచ్ జారుతోంది." ఈ మాట మీద ఆధారపడి మంచి గేర్‌బాక్స్‌లను విప్పేస్తున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. టాకోమీటర్ చూపేది ఇంజన్ వేగం. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంది. లాకప్ (కన్వర్టర్ రెండు వైపులనూ కలిపి బిగించే లోపలి క్లచ్) పడనంతవరకు అక్కడ తేడా ఉండి తీరుతుంది, కన్వర్టర్ పనే అది. రెండో గేరులో గట్టిగా తొక్కితే ఇంజన్ 3000 దగ్గర, గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్ 2400 దగ్గర ఉండవచ్చు. అది జారుడు కాదు. అయిదో గేరులో 60 వేగంతో పోతూ ఒక్కసారి తొక్కితే లాకప్ వదిలేసి ఆర్‌పీఎం కొన్ని వందలు ఎగురుతుంది. అదీ జారుడు కాదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు తగ్గించుకుంటే ఇంకా ఎక్కువ ఎగురుతుంది. దాన్నీ జారుడు ఖాతాలో రాస్తున్నారు.

క్లచ్ జారుతోందో లేదో తెలియాలంటే కన్వర్టర్ దాటాక, గేర్‌బాక్స్ వైపు కొలవాలి. స్కానర్‌లో రెండు విలువలు తీసుకోండి: గేర్‌బాక్స్ ఇన్‌పుట్ వేగం (జి182 సెన్సార్), అవుట్‌పుట్ వేగం (జి195). మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఆ గేరు నిష్పత్తి రావాలి. 09జిలో మొదటి గేరు నుంచి వరసగా 4.148, 2.370, 1.556, 1.155, 0.859, 0.686, రివర్స్ 3.394. మూడో గేరులో అవుట్‌పుట్ 1500 ఉంటే ఇన్‌పుట్ 2334 ఉండాలి. 2560 చూపిస్తే 226 ఆర్‌పీఎం లోపల జారిపోతున్నట్టు. నాలుగులో అవుట్‌పుట్ 2000కి ఇన్‌పుట్ 2310 రావాలి. గేరు మారుతున్న క్షణంలో అంకెలకు అర్థం లేదు, చవకరకం బ్లూటూత్ స్కానర్లు ఆలస్యంగా చూపిస్తాయి కూడా. ఒకే గేరులో, ఒకే తొక్కుడులో, మూడు సెకన్లు నిలకడగా ఉన్నప్పుడే రాసుకోండి. మీ స్కానర్ అంకెలు అన్ని గేర్లలోనూ ఒకే గుణకంతో తేడాగా వస్తే అది స్కానర్ లెక్కలో తేడా. ఒకటి రెండు గేర్లలోనే తేడా వస్తే అది క్లచ్.

ఏ క్లచ్?

ఈ గేర్‌బాక్స్‌లో మూడు క్లచ్‌లు (కె), లోపలి భాగాలను తిరగకుండా పట్టి ఆపే రెండు బ్రేకులు (బి), ఒకవైపే తిరగనిచ్చే ఒక ఫ్రీవీల్ ఉన్నాయి. కె1 ఒకటి నుంచి నాలుగు గేర్ల దాకా పనిచేస్తుంది. కె2 నాలుగు, అయిదు, ఆరు. కె3 మూడు, అయిదు, రివర్స్. బి1 రెండు, ఆరు. బి2 రివర్స్‌కు, మొదటి గేరులో ఇంజన్ బ్రేకింగ్‌కు. మొదటి గేరులో మామూలు లాగుడు ఫ్రీవీల్ మీద ఆధారపడుతుంది.

కాగితం మీద రాసుకుంటే లెక్క తేలిపోతుంది. మూడు, అయిదు రెండింట్లో జారుతోందంటే అనుమానం కె3 మీద. అప్పుడు రివర్స్ పరీక్ష పెట్టండి: అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీదికి రివర్స్‌లో నెమ్మదిగా ఎక్కించి చూడండి. రివర్స్‌లో లైన్ ప్రెషర్ (క్లచ్‌లను నొక్కిపట్టే ఆయిల్ ఒత్తిడి) మామూలుకన్నా ఎక్కువ ఉంటుంది. ఆ ఒత్తిడిలోనూ జారితే కె3 ప్లేట్లు అయిపోయినట్టే. మూడులో మాత్రమే తేడా వచ్చి, రివర్స్, అయిదు గట్టిగా ఉంటే ప్లేట్లను నిందించే ముందు ఇంకోసారి కొలవండి. రెండు, ఆరు అయితే బి1. నాలుగు నుంచి పైకంతా అయితే కె2.

గేరులో జారుడు వేరు, గేరు మారేటప్పుడు ఇంజన్ ఎగరడం వేరు. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు బి1 వదలాలి, కె3 పట్టాలి. కె3 ఒత్తిడిని నడిపే సొలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) మందగించినా, వాల్వ్ బాడీలో (ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే భాగం) వాల్వ్ కదిలే రంధ్రం అరిగినా ఆ చేతులు మారడంలో ఖాళీ వస్తుంది, ఇంజన్ ఒక్క క్షణం అరుస్తుంది. మూడులో పడ్డాక నిష్పత్తి 1.556 దగ్గర స్థిరంగా ఉంటే క్లచ్ బాగానే ఉంది, రోగం వాల్వ్ బాడీలో ఉంది. వేడెక్కాకే ఇలా అవుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది, ఆయిల్ పలచబడి అరిగిన చోట కారిపోతుంది కాబట్టి. చల్లగా ఉన్నప్పుడే ఇబ్బంది, వేడెక్కాక బాగుంటే గట్టిపడిన పిస్టన్ సీళ్లను అనుమానించాలి.

50 నుంచి 80 వేగం మధ్య, సన్నగా తొక్కినప్పుడు, గరుకు రోడ్డు మీద పోతున్నట్టు వణుకు వస్తే అదే క్షణంలో బ్రేక్ పెడల్‌ను వేలితో తాకినంత తేలిగ్గా తాకండి. లాకప్ వదులుతుంది. వణుకు టక్కున ఆగితే అది కన్వర్టర్ లాకప్ క్లచ్.

స్టాల్ టెస్ట్ (బ్రేక్ తొక్కిపట్టి, గేరులో ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఆర్‌పీఎం చూడటం) గురించి అడిగారు. ఈ వయసు గేర్‌బాక్స్‌కు నేను చేయమనను. బలహీనంగా ఉన్న క్లచ్‌ను ఆ అయిదు సెకన్లే చంపగలవు, పైగా అందులో తెలిసేది పై అంకెల్లోనే తెలుస్తుంది.

పాన్ విప్పండి

ఇప్పటిదాకా వచ్చినవన్నీ అనుమానాలు. రుజువు పాన్‌లో ఉంటుంది. అయస్కాంతాల మీద బూడిదరంగు మెత్తటి గుజ్జు మామూలే, కంగారు పడకండి. దాన్ని వేళ్ల మధ్య నలపండి. కాటుకలా జారిపోతే సరే. గరుగ్గా, సూదిముక్కల్లా తగిలితే ఉక్కు భాగం ఏదో తెగుతోంది. ఆయిల్‌ను తెల్లటి పాత పంచె ముక్కలో వడకట్టండి. అయస్కాంతానికి అంటని నల్లటి పొడి, పొరలు మిగిలితే క్లచ్ ప్లేట్ల పూత రాలుతోంది. ఇత్తడి మెరుపు కనిపిస్తే అరుగుతున్నవి బుష్‌లు (షాఫ్ట్‌లు ఆనుకుని తిరిగే గొట్టాలు). ఆయిల్ గులాబీరంగు మజ్జిగలా ఉంటే ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ లోపల చిల్లు పడి కూలెంట్ కలిసింది. అప్పుడు మిగతా పరీక్షలు అనవసరం, నీటికి ప్లేట్ల పూత ఊడిపోతుంది, మొత్తం కట్టాల్సిందే. రంగు ముదిరిందన్న ఒక్క కారణంతో మాత్రం తీర్పు చెప్పకండి.

గీత ఎక్కడ?

నేను గీసే గీత ఒక్కటే: గేర్‌బాక్స్ బండి నుంచి దిగాలా, దిగనక్కర్లేదా. పాన్ విప్పితే వాల్వ్ బాడీ, సొలినాయిడ్లు, ఫిల్టర్ కిందనుంచే చేతికి అందుతాయి. సెన్సార్లు, మౌంట్లు, యాక్సిల్ సీళ్లూ అంతే. రోగం వీటిలో ఉండి, గుడ్డ శుభ్రంగా ఉంటే మరమ్మతు చాలు. వాల్వ్ బాడీ విషయంలో ఒక్క సొలినాయిడ్ కొనడం నాకు ఇష్టం లేదు. అల్యూమినియం రంధ్రం అరిగి ఉంటే కొత్త సొలినాయిడ్ దాన్ని పూడ్చదు. రంధ్రాలు రీమ్ చేసి (గుండ్రంగా, నునుపుగా చెక్కి), బెంచి మీద పరీక్షించిన వాల్వ్ బాడీ వేయించి, స్కానర్‌తో అడాప్టేషన్ విలువలు (గేరు మార్పుల గురించి కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు) చెరిపి, మళ్లీ నేర్పించండి. గుడ్డ మీద నల్లపొడి ఉండగా ఇదే పని చేస్తే ఖర్చంతా దండగ. కాలిన కె3 పొడి కొత్త వాల్వ్‌ల్లోనే ఇరుక్కుంటుంది.

గేర్‌బాక్స్ దించాల్సి వస్తే సగం పని ఒప్పుకోకండి. దించి ఎక్కించే కూలి ఒక్క క్లచ్ మార్చినా అంతే, అన్నీ మార్చినా అంతే. కన్వర్టర్ సీల్ కారడం ఒక్కటే మినహాయింపు: పరీక్షలన్నీ బాగుంటే సీల్ వేసి ఎక్కించవచ్చు. "ఫుల్ ఓవర్‌హాల్" అని ఇచ్చే కొటేషన్‌లో ఇవి విడివిడిగా రాసి ఉండాలి: సీల్ కిట్, రబ్బరు అంటించిన పిస్టన్లు, అన్ని ఫ్రిక్షన్ ప్లేట్లు, వాటి మధ్య ఉక్కు ప్లేట్లు, బుష్‌లు, పంపు తనిఖీ, ఫిల్టర్, వాల్వ్ బాడీ పరీక్ష, కన్వర్టర్ కోసి లోపల కడిగి కొత్త లైనింగ్ వేయడం, కొత్త కూలర్. చివరి రెండూ లేకపోతే సంతకం పెట్టకండి. కొత్త ప్లేట్ల గేర్‌బాక్స్‌లోకి పాత పొడి వచ్చేది ఆ రెండు చోట్ల నుంచే. సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్స్ వేయించుకునేవాళ్లు కేసు మీది మూడక్షరాల కోడ్ సరిపోల్చుకోండి. దానికీ కొత్త కూలరే, ఎక్కించక ముందే దాని పాన్ విప్పి అదే గుడ్డ పరీక్ష.

డబ్బు లెక్కలో నా కొలత: బాగా నడిచే స్థితిలో బండి అమ్ముడుపోయే ధరలో మూడో వంతు దాటితే ఓవర్‌హాల్ చేయించను, ఇంజన్, బాడీ నిక్కచ్చిగా ఉంటే తప్ప.

అభ్యాసం

ఏడు రోజులు పడుతుంది. ప్రతి గేరులో పది రీడింగులు, అయిదు ఆయిల్ 50 డిగ్రీల లోపు, అయిదు 85 దాటాక. ప్రతి వరసలో ఇన్‌పుట్, అవుట్‌పుట్, భాగహార ఫలితం, ఉష్ణోగ్రత, యాక్సిలరేటర్ తొక్కుడు శాతం. డ్రైవ్ చేస్తూ స్కానర్ చూడకండి, పక్కన ఒకరు కూర్చుని రాయాలి. పట్టిక నిండాకే పాన్ విప్పి గుడ్డ ఆరబెట్టండి. తర్వాత ఈ బండికి తీర్పు రాయండి: రెండు నుంచి మూడుకు వేడిలో ఎగురుతుంది, మూడులో 1.556 నిలకడగా ఉంది, అయిదులో 0.91 వస్తోంది, ర్యాంపు మీద రివర్స్ గట్టిగానే ఎక్కింది, గుడ్డ మీద పలచగా నల్లపొడి. మరమ్మతా, ఓవర్‌హాలా, లేక ఇంకో కొలత కావాలా? కావాలంటే ఏది, ఏ గేరులో, ఎంత వేడిలో? జవాబుతో అయిదో పాఠం మొదలవుతుంది.