మహిళా ఉద్యోగుల ఎదుగుదలకు సంస్థ అధిపతి చేయవలసిన పనులు

మహిళల పదోన్నతికి తోడ్పడదలచిన సంస్థ అధిపతి మార్చి 8న మహిళా దినోత్సవ సభ జరపడానికి ముందు, గత మూడేళ్ల జీతాల, పదోన్నతుల పట్టికలను తెప్పించుకొని, ఒకే హోదాలో చేరిన స్త్రీ పురుషుల మధ్య తేడా ఏ మెట్టు దగ్గర మొదలవుతున్నదో స్వయంగా పరిశీలించాలి. తరచు అది ప్రసూతి సెలవు తరువాతి ఏడాదిలో బయటపడుతుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో జరిగిన సవరణ మొదటి ఇద్దరు పిల్లల విషయంలో వేతనంతో కూడిన సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచింది గాని, తిరిగి వచ్చిన ఉద్యోగికి ఏ పని అప్పగిస్తారన్నది చాలావరకు మేనేజరు చేతిలోనే ఉంటుంది. అందువల్ల ఆమె సెలవుకు వెళ్లేముందే తిరిగి చేపట్టబోయే బాధ్యతను రాతపూర్వకంగా ఖరారు చేసి, వార్షిక మదింపులో పనిచేసిన నెలలనే లెక్కలోకి తీసుకోవాలి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థకు శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి. అది ఆఫీసుకు దూరంగా ఉంటే, నా దృష్టిలో, ఉన్నా లేనట్టే.

పదిమంది పనిచేసే చోటనైనా పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం మహిళ అధ్యక్షతన అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి.

సలహా చెప్పేవారు వేరు, పదోన్నతుల సమావేశంలో మహిళా ఉద్యోగి పేరు ప్రతిపాదించి పట్టుబట్టేవారు వేరు. కొరత రెండోవారికే కనుక, ప్రతి విభాగాధిపతి నుంచి ఏటా అర్హులైన మహిళల జాబితాను కారణాలతో సహా అధిపతి తానే అడిగి తీసుకోవాలి.