షుగరు మనిషికి తోడు – 4వ పాఠం: సీసా, సిరంజి, గీతల లెక్క

పోయిన పాఠంలో గ్లూకోమీటరుతో వేలి రక్తం చూడటం, ఆ అంకెను పుస్తకంలో రాయించడం నేర్చుకున్నాం. ఈసారి ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే మనిషి దగ్గర కూర్చుందాం. ఆశాలు, ఏఎన్ఎంలు, విలేజ్ క్లినిక్‌లో, పల్లె దవాఖానాలో పనిచేసేవాళ్లు ఎవరైనా చేయగల పనే ఇది. డోసు మార్చేది డాక్టరు. రాసిన డోసు ఒంట్లోకి సరిగ్గా చేరుతోందో లేదో చూడాల్సింది మనం.

"సూది సరిగ్గా వేసుకుంటున్నావా?" అని అడిగితే "ఆఁ, వేసుకుంటున్నా" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. అందుకే సరిగ్గా ఆ వేళకే వెళ్లండి. "పెద్దమ్మా, రోజూ ఎలా వేసుకుంటావో అలాగే కానియ్, నేను పక్కన కూర్చుంటా" అనండి. ముందు సీసా, సిరంజి చేతిలోకి తీసుకుని చూడండి.

మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల సీసాకు నారింజ మూత సిరంజి. ఎరుపు, నారింజ సాయంత్రం బల్బు వెలుగులో ఒకేలా కనిపిస్తాయి కాబట్టి రంగును నమ్మకండి. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పైకి చదివించండి. చదువు రాకపోతే ఇంట్లో చదివే పిల్లాడిని పిలవండి.

అంకెలు కలవకపోతే ఏమవుతుంది? 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. షుగరు దిగదు. 100 సీసాలోంచి 40 సిరంజితో 20 గీత దాకా లాగితే అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. అది ప్రాణం మీదికి వస్తుంది, అక్కడికక్కడే ఆపించి డాక్టరుకు ఫోన్ చేయండి.

తక్కువ డోసు వెళ్తున్న ఇంట్లో మనవాళ్లు తరచూ ఒక పొరపాటు చేస్తారు. సరైన సిరంజి తెచ్చిచ్చి, పని అయిపోయిందని వచ్చేస్తారు. షుగరు దిగడం లేదని డాక్టరు అప్పటికే డోసు పెంచుకుంటూ పోయి ఉండొచ్చు. సిరంజి మారిన పూటే ఆ పెంచిన డోసు రెండున్నర రెట్లు బలంగా ఒంట్లోకి వెళ్తుంది. కాబట్టి సిరంజి మార్చే ముందే మెడికల్ ఆఫీసరుకు చెప్పి, ఏ డోసుతో మొదలుపెట్టాలో అడగాలి.

సిరంజి చూడకుండానే ఈ తప్పును పసిగట్టే దారి ఒకటుంది. "ఈ సీసా ఎప్పుడు మొదలుపెట్టావు?" అని అడగండి. 10 మిల్లీలీటర్ల 40 సీసాలో 400 యూనిట్లు ఉంటాయి. ఉదయం 20, రాత్రి 10 వేసుకుంటే 13 రోజులకు ఖాళీ కావాలి. నెల దాటినా మిగిలి ఉందంటే సిరంజి తేడా అయినా ఉండాలి, పూటలు ఎగ్గొడుతూ అయినా ఉండాలి. మిగిలింది కదా అని వాడనివ్వకండి; మూత తీసిన సీసా 28 రోజులే.

ఇక సూది. 30/70 (త్వరగా పనిచేసేది 30 పాళ్లు, నిదానంగా పనిచేసేది 70 పాళ్లు కలిపిన ఇన్సులిన్) లాంటి తెల్లటి మందును అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు కిందికీ పైకీ తిప్పాలి. గిలక్కొడితే నురుగు, బుడగలు వస్తాయి. కలిపాక కూడా తెల్ల పలుకులు గాజుకు అంటుకుని ఉంటే ఆ సీసా పారేయాలి. ఎన్ని యూనిట్లు కావాలో అంత గాలి ముందు సీసాలోకి ఎక్కించి, సీసా తలకిందులు చేసి మందు లాగాలి. బుడగ కనిపిస్తే సిరంజిని వేలితో కొట్టి పైకి తెప్పించి గాలి తోసేయాలి. 30/70 వేసుకున్నాక అరగంటకు అన్నం తినాలి.

ఇప్పుడు పొట్ట తడిమి చూడండి. బొడ్డుకు రెండు వేళ్ల దూరం వదిలి, ప్రతిసారీ కిందటి చోటుకు వేలెడు ఎడంగా పొడవాలి. చాలామంది నొప్పి తెలియని చోటే పొడుచుకుంటారు. నొప్పి తెలియదంటే అక్కడ కొవ్వు గడ్డ కట్టి ఉండొచ్చు. గడ్డలోంచి మందు ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. గడ్డ చుట్టూ పెన్నుతో గీసి, అక్కడ వద్దని చెప్పండి. చోటు మార్చినా మందు బలంగా పనిచేస్తుంది కాబట్టి ఈ సంగతీ డాక్టరుకు చేరాలి.

అందుకే ఏ తప్పు దిద్దినా, ఇంట్లోంచి కదిలే ముందు చక్కెర డబ్బా ఎక్కడుందో చూసుకోండి. చెమట, వణుకు, తల తిరుగుడు ఉండి మీటరులో 70 కన్నా తక్కువ వస్తే, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. కోలుకున్నాక అన్నమో ఇడ్లీయో పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచితే చాలు. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ఈ వారం అభ్యాసం: ఒకాయన 40 యూనిట్ల సీసాలోంచి ఉదయం 16, రాత్రి 8 వేసుకుంటున్నాడు. ఒక్క పూటా మానలేదంటున్నాడు. సీసా 40 రోజులు వచ్చింది. ఎన్ని రోజులు రావాలి, ఏ సిరంజి వాడుతున్నాడు, నిజంగా ఒంట్లోకి రోజుకు ఎన్ని యూనిట్లు వెళ్తున్నాయి? కాగితం మీద కట్టి ఉంచుకోండి. దాని జవాబుతోనే 5వ పాఠం, పాదాల పరీక్ష, మొదలుపెడదాం.